టిప్పు తీయించిన మర్నాడు

"నేనే తీయించాను. అయితే ఏమిటట?"

అన్నయ్య అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. ఆ మాట అద్దంలోకి చూస్తూనే అన్నాడు గానీ వెనక్కి తిరగలేదు.

లెక్కలమ్మ చేతిలో, పొద్దున్నే ఓడవాళ్ళు తలుపు సందులోంచి తోసిపోయిన లెక్క చీటీ ఉంది. మూడు గదులకూ కలిపి ఒకటే చీటీ. ఎందుకంటే ఓడ ఎక్కేటప్పుడు మూడు గదులకూ ఇచ్చిన కార్డు ఒకటే, అది ఆమెది. నిన్నటి చీటీలో అడుగున టిప్పుల పద్దు ఉంది. ఇవాళ్టి చీటీలో ఆ పద్దు లేదు.

"మూడు గదులకూనా?"

"మూడింటికీ. కార్డు ఎవరిదైనా, గదిలో ఉన్నవాళ్ళు అడిగితే తీసేస్తారట."

"అమ్మ గదికి కూడానా?"

"ముందు దానికే."

ఆ మాట ఎందుకన్నాడో అప్పటికి ఆమెకు అర్థం కాలేదు.

"నాతో ఒక్క మాట చెప్పాలని తోచలేదా అన్నయ్యా?"

ఇప్పుడు తిరిగాడు. ఒక చెంప మీద నురగ అలాగే ఉంది. "నువ్వు చెప్పావా నాకు? టికెట్లు కొనేటప్పుడు ఏమన్నావు? 'అన్నీ కలిపే అన్నయ్యా, తిండీ, గదీ, సముద్రమూ అన్నీ అందులోనే' అన్నావు. ఆ మాట నీదేనా, ఇంకెవరిదైనానా?"

"నాదే."

"మరి మనిషికి రోజుకు పద్నాలుగు వందలు ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఐదుగురం, ఏడు రోజులు..."

"నలభై తొమ్మిది వేలు," అంది లెక్కలమ్మ.

అనకుండా ఉండాల్సింది. కానీ రక్తపరీక్షల ల్యాబులో బిల్లుల కౌంటరు దగ్గర పన్నెండేళ్ళు కూర్చున్న నోరు అది. హెచ్చవేత ఎదురైతే ఊరుకోదు.

మంచం అంచున కూర్చున్న వదిన తలెత్తింది. "చూశారా? లెక్క నాలిక చివరే ఉంది. అంటే ఈవిడకి ముందే తెలుసు."

తెలుసు. టికెట్లు కొన్న రోజే తెలుసు. గదులు చూసేవాళ్ళకు, వడ్డించేవాళ్ళకు, బట్టలు ఉతికేవాళ్ళకు అని చెప్పి మనిషికింత, రోజుకింత ఓడవాళ్ళే రాసేసుకుంటారని టికెట్టు కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే, భోజనాల వేళ రెండుసార్లు చదివింది. ఏడాది పాటు ఆదివారం డ్యూటీలు చేసి ఆ మొత్తం విడిగా పక్కన పెట్టింది. అన్నయ్యకు మాత్రం చెప్పలేదు. చెబితే రాడు. అతను రాకపోతే అమ్మ రాదు.

"అది నేనే కట్టుకుందామనుకున్నాను. మీ మీద వెయ్యాలని కాదు."

ఆ మాటతో గొడవ చల్లారుతుందనుకుంది. అగ్గి మీద ఆజ్యం పోసినట్టయింది.

"ఏమిటీ, నా టిప్పు నువ్వు కడతావా? నా పెళ్ళాం తిన్న తిండికి నువ్వు దానం చేస్తావా? రెండు టైల్స్ షాపులున్నవాణ్ణి. నీ ల్యాబు వాళ్ళిచ్చేది నా గుమాస్తా జీతమంత లేదు. అంత గతిలేనివాడిలా కనబడ్డానా నీకు?"

"గతిలేనివాళ్ళు తీయించరు అన్నయ్యా. ఉన్నవాళ్ళే తీయిస్తారు."

"నోరు చూడు, నోరు!" అంది వదిన. "తప్పు తను చేసి పైగా మనకే వడ్డిస్తోంది."

"బావగారూ, కాస్త గేరు తగ్గించండి. నడవా చివరిదాకా వినబడుతోంది." లెక్కలమ్మ భర్త తలుపు తోసుకుని వచ్చాడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మాస్టారు. ఎదుటివాడు తప్పు చేస్తాడని తెలిసి కూడా పక్క సీట్లో ప్రశాంతంగా కూర్చోవడం ఆయన వృత్తి. "పేరుకు టిప్పే గానీ అది వాళ్ళ జీతంలో భాగమేనండీ. అది తీసేస్తే వాళ్ళకి మిగిలేది గొర్రెతోకంత."

"అదే నేననేదీ! జీతం ఇవ్వాల్సింది ఓడ యజమాని. వాడు ఎగ్గొట్టి నా నెత్తిన పెడితే నేనెందుకు మొయ్యాలి? నా షాపులో పెట్టెలు దించేవాడికి జీతం నేనిస్తున్నాను. టైల్స్ కొనడానికొచ్చినవాడి జేబులోంచి ఇప్పించడం లేదు."

అందులో న్యాయం లేదని లెక్కలమ్మ అనలేకపోయింది. అయినా అంది. "యజమాని మీద కోపం యజమాని మీదే చూపించు. నువ్వు కొట్టిన దెబ్బ వాడికి తగల్లేదు. గది తుడిచేవాడికి తగిలింది."

"అసలు వీళ్ళు వదిలేది ఏముందని?" అంది వదిన. "కాఫీ తాగితే నూటికి పద్దెనిమిది టిప్పు. జుట్టు కత్తిరించుకుంటే దాని మీదా పద్దెనిమిది. అది చాలదన్నట్టు బిల్లు కింద ఇంకా టిప్పు రాయమని ఒక ఖాళీ గీత."

"ఆ గీత మీద మీరు ఇంకో వెయ్యి రాసిచ్చారు కదా అక్కయ్యగారూ," అన్నాడు మాస్టారు. "పద్దెనిమిది వేశాక మళ్ళీ రాయనక్కర్లేదు."

"ఖాళీ గీత కనబడితే రాశాను. బ్యాంకులో ఖాళీ వదిలితే ఫారం మొహాన కొడతారు!"

మరో రోజైతే నలుగురూ నవ్వేవాళ్ళు. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

అన్నయ్య మళ్ళీ అద్దం వైపు తిరిగాడు. "అసలు చెయ్యి చాపే బతుకులంటేనే నాకు ఒళ్ళు మంట."

లెక్కలమ్మ అద్దంలో అతని కళ్ళలోకి చూసిందంతే.

రేజరు ఆగింది. "ఏమిటా చూపు?"

"ఏం లేదు."

ఏముందో ఇద్దరికీ తెలుసు. వాళ్ళమ్మ ఇరవై ఆరేళ్ళు ఒక పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేసింది. ఆ టిప్పులతోనే ఇద్దరినీ చదివించింది. వదిన పుట్టింట్లో మాత్రం పెళ్ళి మాటల నాటినుంచీ ఆవిడ హోటల్ మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. పద్దెనిమిదేళ్ళుగా ఆ అబద్ధం అన్నయ్య చెబుతూ వచ్చాడు. తల్లీ చెల్లెలూ అవుననీ కాదనీ అనకుండా దాన్ని మోస్తూ వచ్చారు.

వదిన ఆ చూపును పట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. ఏదో అడగబోయింది.

"తువ్వాళ్ళాయన ఇవాళ రాలేదేమర్రా?"

గుమ్మంలో అమ్మ.

ఆ పేరు అమ్మ పెట్టిందే. ఆ వరస గదులు చూసేది నలభై దాటి, చెవుల దగ్గర నెరిసిన మనిషి. రోజుకో తువ్వాలును ఒక పక్షిలాగానో జంతువులాగానో మడిచి మంచం మీద కూర్చోబెట్టి పోతాడు. ఆయన భాష అమ్మకు రాదు, అమ్మ భాష ఆయనకు రాదు. అయినా దుప్పటి మూల ఎలా మడవాలన్న సంగతి మీద ఇద్దరూ రోజూ పావుగంట వాదించుకుంటారు.

"ఆయన బదులు ఇంకొకావిడ వచ్చింది. ఆయనేడీ అని సైగ చేస్తే, పై అంతస్తు వైపు వేలు చూపించి, పీక మీద ఇలా గీత గీసి చూపించింది. ఏమైందిరా ఆయనకి?"

అన్నయ్య తువ్వాలుతో నురగ తుడుచుకున్నాడు. అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

గదిలో ఫోను మోగింది. లెక్కలమ్మ ఎత్తింది. అవతలి గొంతు మర్యాదగానే ఉంది. కార్డు ఎవరి పేరున ఉందో ఆవిడా, పెద్దావిడా, కుటుంబమంతా పదకొండు గంటలకు ఆఫీసుకు రావాలట. గది చూసే మనిషి మీద నిన్న సాయంత్రం ఇచ్చిన ఫిర్యాదు గురించి.

ఫోను పెట్టేసి ఆమె అన్నయ్య వైపు తిరిగింది. "ఏం ఫిర్యాదు?"

"ఊరికే తీసెయ్యమంటే ఏం బాగుంటుంది? కౌంటరు దగ్గర కాగితం ఇచ్చి, కారణం ఉంటే రాయమన్నారు. రాశాను."

"ఏమని?"

"ఉన్నదే రాశాను. డెబ్బై ఏళ్ళ మనిషి చేత రోజూ పక్క సర్దిస్తున్నాడు అని. అబద్ధమా? మూడు రోజులుగా నా కళ్ళతో చూస్తున్నాను. అమ్మ నడుం వంచి దుప్పటి లాగుతుంటే వాడు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు."

అమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

"కట్టుకుని కాదురా, జోడించుకుని. వద్దమ్మా, వద్దమ్మా అన్నట్టు దణ్ణం పెడుతూ నిలబడ్డాడు."

గోడల్లోంచి ఇంజను గురగుర మాత్రం వినిపిస్తోంది.

"అయినా మీకెందుకత్తయ్యగారూ ఆ పని?" అంది వదిన చివరికి. "అంత డబ్బు పోసి వచ్చింది పక్కలు సర్దుకోవడానికా?"

అమ్మ కోడలి వైపు చూసి, కొడుకు వైపు చూసి, "అలవాటమ్మా," అంది.

ఈ ప్రయాణమంతా ఎందుకు మొదలైందో లెక్కలమ్మ ఒక్కదానికే తెలుసు. కంటి ఆపరేషన్ అయిన వారంలో, కట్టు విప్పకముందు, అమ్మ అడిగిన మాట అది. "ఒక్క వారం, వేరేవాళ్ళు వేసిన పక్క మీద పడుకోవాలనుందే." తీరా వచ్చాక ఐదింటికే లేచి, ఆ మనిషి వచ్చేలోగా మంచాన్ని అద్దంలా చేసి పెడుతోంది. ఆయన వచ్చి లబోదిబోమంటాడు. ఆవిడ నవ్వి, మిగిలిన మూల కూడా మడిచేస్తుంది.

పదిన్నరకు అన్నయ్య తల్లిని డెక్కు మీదికి తీసుకెళ్ళాడు. అతను వద్దన్నా లెక్కలమ్మ వెనకే వెళ్ళింది. గాలికి అమ్మ కొంగు నిలవడం లేదు. ఖాళీ కుర్చీల వరసలో చివరిదాని మీద ఆవిడ కూర్చుంది. అన్నయ్య మాత్రం నిలబడే ఉన్నాడు.

"అక్కడ వాళ్ళేమడిగినా ఒక్కటే చెప్పు. వాడు సరిగ్గా సర్దడం లేదు, అందుకని నేనే సర్దుకున్నాను అను. అంతకుమించి ఒక్క ముక్క వద్దు. పాత సంగతులు అసలే వద్దు."

"ఏ పాత సంగతులురా?"

"నీకు తెలుసు."

"నాకు తెలిసినవి చాలా ఉన్నాయి. నీ స్కూలు బూట్లు ఎవరు వదిలిపోయిన టిప్పుతో కొన్నానో తెలుసు. నీ పరీక్ష ఫీజుకి ఏ గదివాడు ఎంత పెట్టి వెళ్ళాడో తెలుసు. ఇందులో ఏది చెప్పొద్దంటావు?"

"అమ్మా!"

"తువ్వాళ్ళాయనకి ముగ్గురు పిల్లలు. ఫోటో చూపించి సైగలతో చెప్పాడు. పెద్దదానికి పళ్ళు ఎత్తు, తీగ కట్టిస్తున్నాడట. వాడి తిండి తీయించి, పైగా నా పేరు చెప్పి తీయించావు."

అన్నయ్య రెండు చేతులతో రెయిలింగు పట్టుకున్నాడు.

"నాకు పదేళ్ళప్పుడు స్కూల్లో ఏదో సంతకం కావాల్సొచ్చి హోటలుకొచ్చాను. వెనక మెట్ల దగ్గర నిలబడ్డాను. ఒకడు గదిలోంచి బయటికొస్తూ గుమ్మంలో నాణేలు కింద పారేశాడు. చేతికివ్వలేదు, పారేశాడు. నువ్వు వంగి ఒక్కొక్కటే ఏరుకున్నావు. ఒకటి దొర్లి మంచం కిందికి పోతే మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి తీసుకున్నావు. సంతకం పెట్టించుకోకుండానే వెళ్ళిపోయాను. ఆ రోజునుంచీ నేనెవడికీ టిప్పు ఇవ్వలేదు. నా ముందు ఎవణ్ణీ అలా వంగనివ్వలేదు."

లెక్కలమ్మకు ఈ సంగతి తెలియదు. ముప్ఫై ఐదేళ్ళుగా ఒకే ఇంటి మనుషులు, ఒక్కనాడూ చెప్పలేదు. ఆమె కోపం ఒక్కసారిగా ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

అమ్మ సముద్రం వైపు చూసింది. జాలి పడుతుందేమో, కొడుకు భుజం నిమురుతుందేమో అనుకుంది లెక్కలమ్మ.

"వంగింది నా నడుం," అంది అమ్మ. "నొప్పి నీకెందుకొచ్చిందిరా?"

అన్నయ్య తెల్లబోయాడు.

"వాడు పారేశాడు, నిజమే. వెధవ. మర్నాడు వాడి గది కూడా సర్దాను. నాకు సిగ్గనిపించలేదు. నువ్వు సిగ్గుపడ్డావని ఇన్నేళ్ళూ నన్ను మేనేజరును చేశావు. పోనీలే, పిల్లాడి సరదా అని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే." ఆవిడ లేచి కొంగు నడుముకు దోపుకుంది. "పద. పదకొండవుతోంది."

ఆ ఆఫీసు గదికి కిటికీ లేదు. బల్ల అవతల కూర్చున్న అధికారిణికి వీళ్ళ భాష వచ్చు. అందుకే ఆవిడను వేసినట్టున్నారు. ఇవతల నాలుగే కుర్చీలు ఉండడంతో మాస్టారు బయటే నిలబడ్డాడు.

గోడ పక్కన తువ్వాళ్ళాయన ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. జేబు మీద పేరు బిళ్ళ ఉండాల్సిన చోట రెండు చిన్న చిల్లులు కనిపిస్తున్నాయి. అమ్మను చూసి తల వంచాడు. అమ్మ కూడా వంచింది.

"టిప్పులు ఉంచడం, తీయించడం మీ ఇష్టం. దాని కోసం పిలవలేదు," అంది అధికారిణి. "కానీ కారణం రాశారు. పెద్దావిడ చేత పని చేయించాడని రాశారు. అది నిజమని తేలితే రేపు రేవులో ఈయన్ని దింపేస్తాం. మళ్ళీ మా ఓడల్లో పని దొరకదు. అందుకని పెద్దావిడ నోటే వినాలి. చెప్పండమ్మా, ఈయన మిమ్మల్ని పక్క సర్దుకోమన్నాడా?"

"లేదు."

"సర్దకుండా వదిలేశాడా?"

"లేదమ్మా. సర్దడానికి వచ్చేసరికే నేను సర్దేసేదాన్ని."

"ఎందుకు?"

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. అమ్మ అటు చూడలేదు.

"ఐదింటికి మెలకువొస్తుంది. మెలకువొస్తే చెయ్యి ఊరుకోదు. ఇరవై ఆరేళ్ళు హోటల్లో రోజుకు పదహారు గదులు చేశాను. ఆయన తప్పేం లేదు. ఆయన పని నేను లాక్కున్నాను. రాసుకో."

"మేనేజరుగానా అత్తయ్యగారూ?"

వదిన ఆ మాట చాలా మెల్లగా అంది.

"గదులు ఊడ్చే మనిషిగానమ్మా. మేనేజరు మాకు తాళాలిచ్చేవాడు."

వదిన మెడ దగ్గరనుంచి ఎరుపెక్కింది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఎవరెవరితో ఏమేం చెప్పుకుందో, ఏ పేరంటంలో ఎంత గొప్పగా చెప్పుకుందో ఆ ఎరుపులో లెక్కలమ్మకు కనిపించింది. వదిన భర్త వైపు తిరిగింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

అన్నయ్య ముందుకు వంగాడు. గొంతు తగ్గించి, షాపులో పాత ఖాతాదారుతో మాట్లాడినట్టు చాలా నెమ్మదిగా చెప్పాడు.

"మేడమ్, ఆవిడ చెప్పింది రాసుకోకండి. రెండేళ్ళుగా మా అమ్మకి మతిస్థిమితం లేదు. ఏదో ఒకటి కల్పించి చెబుతూ ఉంటుంది. డాక్టరుకి చూపిస్తున్నాం."

అమ్మ కొడుకు వైపు చూసింది. ఇందాక డెక్కు మీద చూసిన చూపు కాదది. ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టుంది.

అధికారిణి కలం ఆగిపోయింది. "టికెట్టు కాగితాల్లో ఏ జబ్బూ లేదని రాశారే? అలాంటి మనిషిని ఒక్కదాన్నే గదిలో పడుకోబెట్టారా?"

"ఇంత ముదురుతుందనుకోలేదు," అన్నాడు అన్నయ్య. ఒక అబద్ధానికి ఇంకొకటి ఆసరా పెట్టక తప్పలేదు.

"అయితే ఓడ డాక్టరు ఇప్పుడే చూడాలి. ఆయన అవునంటే రేపు రేవులో దిగాల్సింది ఈవిడ. ఒక మనిషిని తోడిచ్చి దింపేస్తాం." ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది. నంబరు నొక్కబోతూ ఆగింది. "ఇంట్లోవాళ్ళు ఇంకెవరైనా చెబుతారా? ఈయన చెప్పింది నిజమేనా?"

లెక్కలమ్మ లేచింది. మాట బయటికి రాకముందే ఒక చెయ్యి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చో నువ్వు," అంది వదిన. "కూతురివి. తల్లి వైపే చెబుతావని ఎవరికైనా తెలుసు. నీ మాట చెల్లదు. కోడలి మాటైతే చెల్లుతుంది."

అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. పద్దెనిమిదేళ్ళలో నలుగురిలో అతని మాటను ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు. ఆ సంగతి లెక్కలమ్మకూ తెలుసు, అమ్మకూ తెలుసు.

వదిన కుర్చీని బల్ల దాకా లాక్కుంది. భర్త వైపు చూడలేదు. అత్తగారి వైపూ చూడలేదు.

"ఆ ఫోను పెట్టేసి కలం తియ్యండి," అంది. "నేను చెబుతాను."